బయమ్మ మొగుడు తిమ్మప్ప

ఫ్లెక్సీలో నా జుట్టు కనిపిస్తోంది. కింద, కుడివైపు మూలలో, జానెడంత. నాది కాబట్టి నాకు తెలుస్తోంది గానీ కొత్తవాళ్ళు చూస్తే అక్కడేదో నల్ల మేకపిల్ల పడుకుందనుకుంటారు. మిగతా ఫ్లెక్సీ అంతా బయమ్మే. బయమ్మ తెరిచిన నోరు, బయమ్మ కళ్ళు, బుగ్గల మీద కారే నీళ్ళు, గాల్లోకి లేచిన బయమ్మ చెయ్యి. యాడికి ఊళ్ళో, మండలాఫీసు ఆవరణలో షామియానా వేసి, వేదిక వెనకాల రెండు వేపచెట్లకు కలిపి కట్టారు దాన్ని. గాలి తగిలినప్పుడల్లా బయమ్మ బుగ్గలు ఉబ్బుతాయి, మళ్ళీ లోపలికి పోతాయి. కింద ఎర్రటి అక్షరాలు: తిమ్మప్ప భార్య బయమ్మకు న్యాయం జరగాలి. ఏడో తరగతి దాకా చదివించాడు మా నాయన, ఇది చదువుకోవడానికే కాబోలు. తిమ్మప్ప నా మొగుడు. బయమ్మ మొగుడి పేరు నాగప్ప, నిక్షేపంలా ఉన్నాడు, ఈపాటికి గొర్రెల వెంట తిరుగుతూ బీడీ కాలుస్తుంటాడు.

పెద్ద ఆఫీసరు ఇంకా రాలేదు. అనంతపురంలో బయల్దేరాడని ఇందాక మైకులో చెప్పారు, ఇప్పుడు తాడిపత్రి దాటాడంటున్నారు. ఆయన వస్తాడు, మా మాట వింటాడు, నాపరాయి గనుల వాళ్ళ మాట కూడా వింటాడు, విన్నది పైకి రాస్తాడు. రాయి తీసుకుని వదిలేసిన గుంతలకు కంచె లేకపోబట్టి తిమ్మప్ప చచ్చిపోయాడా, లేక తన ఖర్మ కొద్దీ తను పోయాడా, ఇవాళ తేలిపోవాలి. మైకు ముందుకొచ్చి చెప్పేది బయమ్మ. ముందు వరసలో, చేతుల కుర్చీలో కూర్చుంది. నేను నాలుగో వరసలో ఉన్నాను, నా కుర్చీకి ఒక చెయ్యి విరిగిపోయింది. ముందుకు రమ్మని ఎవరూ పిలవలేదని అనను, అంటే అబద్ధమవుతుంది. పొద్దున టెంపో ఎక్కేటప్పుడు బయమ్మే అంది. "నువ్వు ముందర కూచో మే, నేను ఎనక కూచుంటా." నేను అన్నాను, "ఎందుకులే బయక్కా, నిన్ను చూసేదానికి వస్తాండారు జనం, నన్ను గాదు." "దెప్పుతాండావా?" అంది. "ఉన్న మాట చెప్తాండా" అన్నాను. ఆమె యాడికి వచ్చేదాకా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. నాకు కొంచెం హాయిగా అనిపించింది. ఆమె ఇంకో మాట ఏదైనా అనుంటే బాగుండేదని కూడా అనిపించింది.

ఇప్పుడు చూడు, కాళ్ళు కుర్చీ కిందికి ముడుచుకుని కూర్చుంది. ఎందుకో నాకు తెలుసు. మెట్టెలు కనపడకుండా. మొగుడు బతికుండగా మెట్టెలు తీయదు కదా, తీస్తే నాగప్ప ఊరుకున్నా వాళ్ళత్త ఊరుకోదు. అందుకని బయటి ఊళ్ళవాళ్ళు వచ్చినప్పుడల్లా కాళ్ళు ముడుచుకుంటుంది, బొట్టు కనపడకుండా కొంగు నుదుటి మీదికి లాక్కుంటుంది. ఆ కొంగు లాక్కోవడం కూడా ఎంత బాగా చేస్తుందో. ఫోటోలు తీసేవాళ్ళకు అది సిగ్గులాగా, దుఃఖంలాగా కనిపిస్తుంది. నా నుదురు బోసిగా ఉంది, నా కాళ్ళు బోసిగా ఉన్నాయి, నేను ఎండలోకి చాపుకుని కూర్చున్నా వాటిని చూసేవాళ్ళు లేరు.

తప్పు ఎక్కడ జరిగిందంటే మా ఊరి ఏడుపులోనే జరిగింది. మా ఊళ్ళో చావింట్లో ఆడదానికి మాట పడిపోతే ఇంకో ఆడది ఆమెను ఒళ్ళోకి తీసుకుని ఆమెకు బదులు ఏడుస్తుంది. ఊరికే అయ్యో పాపమని కాదు, ఆమె ఎలా ఏడవాలో అలాగే. మొగుడు పోతే నా మొగుడా అని, తల్లి పోతే నన్ను కన్నతల్లీ అని. ఏడవని మనిషికి దుఃఖం లోపల గడ్డకట్టుకుపోతుందని, పిచ్చెక్కుతుందని మావాళ్ళ భయం. ఎవరి ఏడుపు ఎవరు ఏడుస్తున్నారో ఊరందరికీ తెలుసు కాబట్టి తప్పు పట్టేవాళ్ళుండరు, ఏడ్చేదాని సొంత మొగుడు అక్కడే నిలబడి వింటున్నా సరే. బయమ్మ గొంతు అందుకు పెట్టింది పేరు. చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళు కూడా వచ్చి పిలుచుకుపోయేవాళ్ళు. తిమ్మప్పను మంచం మీద మోసుకొచ్చి వాకిట్లో దించినప్పుడు నాకు నోట్లోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. బయమ్మ పరుగెత్తుకుంటూ వచ్చి నా తలను ఒళ్ళోకి లాక్కుంది. లాక్కుని ఏడుపు ఎత్తుకుంది.

వేరుశనగ ఊడ భూమిలోకి దిగి కాయ కట్టకముందే ఎండిపోయిన ఏడాది అది. పంటకు రాని వాన పంట పోయాక ఒక్కసారి వచ్చింది. చెరువులోకి చుక్క చేరలేదు గానీ గుంతల్లో నిలిచింది. ఎంత ఎండాకాలమైనా మా దిక్కున నీళ్ళంటే ఆ గుంతల్లోనివే, గొర్రెలకు వేరే దిక్కు లేదు. రాయి కోసిన గుంత గోడ కట్టినట్టు నిలువుగా ఉంటుంది, పట్టుకోవడానికి పిడికెడు గడ్డి ఉండదు. గొర్రెపిల్ల జారి పడింది. వెనకే తిమ్మప్ప దూకాడు. గొర్రెపిల్ల కొట్టుకుని కొట్టుకుని అవతల రాళ్ళ మీదికి ఎక్కింది. దాన్ని తర్వాత సంతలో అమ్మేశాను, దాని మొహం చూడలేక.

ఆ రోజు నేను విన్నాను, అన్నీ విన్నాను. నా చెవి బయమ్మ పొట్టకు ఆనుకుని ఉంది, ఏడుపు బయటికి రాకముందే లోపల కదిలేది నాకు తెలిసింది. సంగటి ముద్దలో గుంట చేసి పులుసు పోసుకుంటివే, గొంగడి మరిచిపోయి సగం దోవ నుంచి ఎనక్కొస్తివే, అని ఒక్కొక్కటే ఏరి ఏరి ఏడ్చింది. అవన్నీ నేనే ఎప్పుడెప్పుడో బోరింగు దగ్గర ఆమెకు చెప్పుకున్నవి. ఆ రోజు ఆమె మీద నాకు ఏ కోపమూ లేదు. ఎంత మేలు చేస్తోంది ఈమె అనుకున్నాను. నిజంగా అనుకున్నాను. ఇప్పుడు గుర్తు చేసుకుంటే నా మీద నాకే కోపం వస్తోంది, అంత మంచిదాన్ని ఎందుకయ్యాను అని.

ఆ గుంపులో లహరి ఉంది. అనంతపురం పిల్ల, యూనివర్సిటీలో చదువుతూ గనుల చుట్టూ ఉన్న ఊళ్ళ మీద ఏదో రాయాలని తిరుగుతుండేది. పట్నంలో పుట్టిన పిల్లకు మా ఏడుపు సంగతి ఎవరు చెబుతారు. నా మొగుడా అని గుండెలు బాదుకుంటున్న ఆడదాన్ని చూసింది, చచ్చినవాడు ఆమె మొగుడే అనుకుంది. ఇంకెవరైనా అంతే అనుకుంటారు. ఒళ్ళో నోరు తెరవకుండా పడి ఉన్న నన్ను ఎవరో చెల్లెలో మరదలో అనుకుందట. చేతి ఫోనులో ఏడుపంతా పట్టుకుంది, చిన్న కెమెరాతో ఫోటో తీసింది, ఆ వారమే కంప్యూటర్లో ఆర్కుట్ అనే దాంట్లో పెట్టేసింది. బయమ్మ చెప్పినట్టుగా, బయమ్మ మాటల్లోనే. నేను తిమ్మప్ప భార్యను, నా పేరు బయమ్మ, అని మొదలు. అక్కడి నుంచి ఒకరు ఇంకొకరికి, వాళ్ళు ఇంకొకరికి. అంతకుముందు గుంతల గురించి మేము ఇచ్చిన అర్జీలు ఏ బీరువాలో పడ్డాయో దేవుడికే తెలియాలి. ఈ ఒక్క ఏడుపుకు మాత్రం బెంగళూరు కదిలింది, హైదరాబాదు కదిలింది. పిల్లలు చొక్కాల మీద బయమ్మ ముఖం అచ్చేసుకుని మా ఊరికి బస్సు దిగారు.

ఇదిగో, ఆ చొక్కాలవాళ్ళు ఇప్పుడు కూడా వచ్చారు, షామియానా స్తంభాల పక్కన నిలబడి చెమటలు తుడుచుకుంటున్నారు. మంచి పిల్లలే. వాళ్ళను తిట్టడానికి నాకు నోరు రాదు. ఒక పిల్ల నాకు నీళ్ళ పాకెట్టు ఇచ్చింది ఇందాక. "మీరు బయమ్మ గారి ఊరేనా ఆంటీ?" అంది. ఊరేనమ్మా అన్నాను. "చాలా గొప్ప మనిషి కదా" అంది. పాకెట్టు మూల కొరికి నీళ్ళు తాగాను, నోరు ఊరికే ఉంటే ఏమంటుందోనని.

నన్ను నెట్ సెంటరుకు తీసుకుపోయింది కూడా లహరే, అప్పటికింకా ఆమెకు సంగతి తెలియదు. బయమ్మను తీసుకుపోవాలని వచ్చింది, "చదవను రాని నన్ను తీసుకపోయి ఏం చూపిస్తావు, ఈ హనుమంతమ్మకైతే చదువొస్తాది" అని బయమ్మే నన్ను పంపింది. ఇదే యాడికిలో, బస్టాండు ఎదురుగా, జెరాక్సు అంగడి పైన. "చూడక్కా, ఎంతమంది రాసినారో" అని కుర్చీ ముందుకు లాగింది. చదివాను. చదువుతూ పోతే పేజీ కిందికి పోతూనే ఉంది. బయమ్మా, నీలాంటి భార్య దొరికిన తిమ్మప్ప అదృష్టవంతుడు, అని ఒకాయన. బయమ్మ తిమ్మప్పల ప్రేమ నాకు నిద్ర పట్టనివ్వలేదు, అని బెంగళూరు నుంచి నందిని అనే అమ్మాయి. ప్రేమ! మా కాపురంలో ఆ మాట ఆయనా అనలేదు, నేనూ అనలేదు. ఊళ్ళో ఏ ఇంట్లోనూ అనగా వినలేదు. అనేవాళ్ళు ఇప్పుడు దొరికారు, అది కూడా పక్కింటామెకు కలిపి. ఆయనతో పడుకున్నది నేను, ఆయన జ్వరానికి తడిగుడ్డ వేసింది నేను, పిల్లలు పుట్టలేదని ఆయన తల్లి చేత మాటలు పడింది నేను. బయమ్మకు మొగుడున్నాడు, చేతికొచ్చిన ఇద్దరు కొడుకులున్నారు, ఇంటి నిండా మనుషులు. నాకు ఉన్నది ఒక్కడు. ఆ ఒక్కడినీ తీసుకుపోయి ఆమె ఖాతాలో రాశారే అని కడుపు మండిపోయింది. ఇప్పటికీ మండుతోంది, ఎవరితోనూ చెప్పుకోను గానీ.

అంతకంటే లోతుగా దిగిన ముల్లు ఇంకోటుంది. నీకు ఈత రాదని నాకు తెలుసు గదా సామీ, ఎట్ల దూకితివి, అని రాసి ఉంది అందులో. చావింట్లో విన్నదే, అప్పుడు తలకెక్కలేదు. చదివినప్పుడు ఎక్కింది. ఆయనకు ఈత రాదా? నాతో ఎప్పుడూ పెన్న గురించి చెప్పేవాడు, వయసులో ఉండగా ఈ ఒడ్డున దూకి ఆ ఒడ్డున లేచేవాణ్ణని. పెన్నలో నీళ్ళు పారితే కదా ఈదడానికి అని అప్పుడైనా నాకు తోచలేదు. నమ్మాను. ఆ సాయంత్రమే బయమ్మ ఇంటికి పోయాను, ఆమె పొయ్యి ముందు కూర్చుని ఉంది. "ఆయప్పకు ఈత రాదని నీకెట్ల తెలుసు?" అన్నాను. పొగలో కళ్ళు నలుపుకుంటూ, "మా ఆయన చెప్పినాడు మే. గొర్రెలకాడ వాళ్ళిద్దరూ ఏమేం మాట్లాడుకుంటారో మనకు తెలుస్తాదా? నీకు చెప్పొద్దన్నాడంట, నవ్వుతావని" అంది. ఇంతే సంగతి. ఇందులో అనుమానించాల్సింది ఏమీ లేదు, అది నాకూ తెలుసు. కానీ నాగప్పకు తెలిసింది, బయమ్మకు తెలిసింది, బెంగళూరు నందినికి తెలిసింది, అందరికంటే చివర తెలిసింది నాకు. నవ్వుతానని చెప్పలేదట. నవ్వేదాన్నే. బాగా నవ్వేదాన్ని. నవ్వి, ఆ గుంతల దిక్కుకు పోనిచ్చేదాన్ని కాదు.

లహరికి నిజం తెలిసిన రోజు తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. చెప్పకుండా ఏదో పని మీద వచ్చింది, బయమ్మ వాకిట్లో నాగప్ప మంచం మీద పడుకుని ఉన్నాడు. ఈయనెవరు అంటే కొడుకులు మా నాయన అన్నారు. నాగప్ప లేచి కూర్చుని, "నన్ను బతికుండంగానే సంపేస్తిరి గదమ్మా కంప్యూటర్లో, ఊళ్ళో పిల్లోల్లు నన్ను చూసి దయ్యమని పరిగెత్తుతాండారు" అన్నాడట. మనిషి కోపంగా అన్నాడా సరదాగా అన్నాడా ఎవరికీ తెలియదు. అప్పటి నుంచి బయటివాళ్ళు వస్తున్నారంటే చాలు, నాగప్పను గొర్రెల దొడ్లోకి తోలేస్తారు, వాళ్ళు పోయాక పిలుస్తారు. లహరి మాత్రం నా దగ్గరికొచ్చి నా రెండు చేతులూ పట్టుకుని ఏడ్చింది. చిన్నపిల్ల, ముక్కు ఎర్రగా అయిపోయింది. "అక్కా, తప్పైపోయింది. ఇప్పుడు మారిస్తే అంతా దొంగ కథ అంటారు, గనులోల్లు దాన్నే పట్టుకుంటారు. ఈ విచారణ ఒక్కటి అయిపోనీ, నేనే రాస్తా, నీ పేరుతోనే రాస్తా." సరేలే అన్నాను. ఎందుకన్నానో. ఏడ్చేదాన్ని చూస్తే నాకు అసూయే గానీ కాదనడం చేతకాదు. నాకు రానిది అదొక్కటే కదా.

కథ మారితే అడిగేది కూడా మారిపోయింది, అది ఇంకో సంగతి. మేము మొదట అడిగింది గుంతల చుట్టూ కంచె, ఒక పక్క గొర్రెలు దిగి నీళ్ళు తాగేటట్టు వాలుగా దోవ. అంతే. లహరి అది కూడా రాసిందట కథ చివర్లో. ఏడుపు దాటి అంతదూరం చదివినవాళ్ళు లేరు. మొగుణ్ణి మింగిన గుంతను ఎవరైనా ఏం చేయమంటారు, పూడ్చేయమంటారు. ఫ్లెక్సీ పక్కన కట్టిన గుడ్డ మీద కూడా అదే ఉంది, గుంతలు పూడ్చండి అని. పూడిస్తే గొర్రెలు ఏం తాగాలి? ఈ మాట టెంపోలో ఒకరిద్దరు మగవాళ్ళు గొణుక్కున్నారు. పైకి అనడానికి మొహమాటం, ఇంతమంది మనకోసం వస్తుంటే అని. నేనూ అనలేదు. నా మనసంతా ఆ పక్క ఫ్లెక్సీ మీదే ఉంది, గుడ్డ మీద లేదు.

పక్క కుర్చీ కిర్రుమంది. చూస్తే మద్దిలేటి, గనుల ఆయన దగ్గర లెక్కలు చూసే మనిషి. పక్క ఊరే, తిమ్మప్పను అన్నా అని పిలిచేవాడు. నా కోసం రంగు సోడా తెచ్చాడు. తీసుకోలేదు, కుర్చీ కింద పెట్టాడు. "వదినా, నేనేమన్నా అబద్ధం చెప్పమంటాండానా? ఉన్న నిజం చెప్పమంటాండా. తిమ్మప్పన్న నీ మొగుడా, ఆమె మొగుడా?" నేను వేదిక వైపు తిరిగాను. "నేను చెప్తే గనులోల్ల మనిషి చెప్పినాడంటారు. నువ్వు లేచి చెప్తే ఎవురు కాదంటారు? మొగుడు పోయింది నీకు, పేరొచ్చింది ఆయమ్మకు. నువ్వెట్ల ఓర్చుకుంటాండావో గానీ, నేనైతే ఓర్చుకోను." వాడి నోట్లో గుట్కా వాసన. నా కడుపులో ఉన్న మాటలే వాడి నోట్లోంచి వస్తున్నాయి, ఒక్క అక్షరం తేడా లేకుండా. అందుకే నాకు అసహ్యమేసింది. అవతలికి పో అన్నాను. పోలేదు, కుర్చీ మాత్రం కొంచెం జరుపుకున్నాడు.

లేచి చెబితే ఏమవుతుందో నాకు తెలియక కాదు. బయమ్మ దొంగదవుతుంది, లహరి అబద్ధాల పిల్ల అవుతుంది, ఈ చొక్కాల పిల్లలు తలలు దించుకుని బస్సెక్కుతారు, ఆఫీసరు కాగితాలు మడిచి పెట్టుకుంటాడు. గుంతలు ఎలా ఉన్నవి అలా నోళ్ళు తెరుచుకుని ఉంటాయి, రేపు ఇంకొకడు పడతాడు. చెప్పకపోతే? చెప్పకపోతే సర్కారు కాగితం మీద తిమ్మప్ప భార్య బయమ్మ అని పడుతుంది. లహరి మారుస్తానంటోంది గానీ, ఎక్కడెక్కడి వాళ్ళో రాసిన దాన్ని ఈ పిల్ల ఎన్ని చోట్ల మారుస్తుంది? ఎవరెవరి చొక్కాలు ఉతికిస్తుంది? నేను చచ్చిపోయాక కూడా ఆయన బయమ్మ మొగుడుగానే ఉంటాడు. ఇవన్నీ అనుకుంటూ బయమ్మ వీపు చూస్తున్నాను. రవిక కుట్టు ఒకచోట ఊడింది. చెబుదామా వద్దా అని కూడా అనుకున్నాను, చెప్పలేదు.

జీపు వచ్చింది. అందరూ లేచారు, నేనూ లేచాను. ఆఫీసరు వయసులో చిన్నవాడే, కళ్ళజోడు, ఎండకు ముఖం కందిపోయింది. ఆలస్యమైందని చేతులు జోడించాడు. గనుల తరఫు వకీలు ఏదో చదివాడు. సురక్షితమైన దూరం, హెచ్చరిక బోర్డు, ఇలాంటి మాటలు. బోర్డు మేమెవరమూ చూడలేదు. ఆ తర్వాత లహరి మైకు దగ్గరికొచ్చి బయమ్మ గారు అని పిలిచింది. బయమ్మ లేచింది. కొంగు లాక్కుంది. మైకు పట్టుకుంది. వేదిక మీది నుంచి వెతికి వెతికి నన్ను చూసింది, నాలుగో వరస దాకా. ఆ చూపులో ఏముందో నాకు అర్థం కాలేదు, అర్థం చేసుకునే ఓపిక కూడా లేదు నాకు. చివరికి ఎత్తుకుంది. ఎత్తుకోగానే షామియానా కింద గాలి ఆగిపోయినట్టయింది, ఏం గొంతో ఆమెది, ఇప్పటికీ కాదనలేను. "ఒక్క మాటన్నా చెప్పకుండా పోతివే" అంది. చొక్కాల పిల్లలు ఆమెతోపాటు పెదాలు కదిపారు. అందరికీ కంఠతా వచ్చిన మాట అది, వాళ్ళ వీపుల మీద కూడా అదే అచ్చేసి ఉంది. ఒక్క మాటన్నా చెప్పకుండా పోతివే. ఆఫీసరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

చెప్పకుండా పోలేదు.

ఏ చావింట్లోనైనా ఏడ్చే మాటే అది, బయమ్మ మా అత్తకూ అదే ఏడ్చింది, మా మామకూ అదే ఏడ్చింది. అది నాకు తెలుసు. కానీ ఇన్ని వీపుల మీద అది చూసేసరికి లేచి నిలబడ్డాను. తిమ్మప్ప చెప్పకుండా పోలేదు. ఆ పొద్దున గడప దాటినవాడు వెనక్కి తిరిగి, నన్ను చూసి, చెప్పిపోయాడు. ఇది కూడా వాళ్ళకు వదిలేస్తే ఇక నాకు మిగిలేదేముంది? మద్దిలేటి మోకాళ్ళు తప్పించి దారి ఇచ్చాడు, వాడి ముఖం వెలిగిపోయింది. కుర్చీలు తప్పించుకుంటూ పోయి వేదిక ఎక్కాను. లహరి తెల్లబోయి చూస్తోంది. బయమ్మ ఏడుపు ఆపింది. మైకు నేను అడగకముందే నా చేతిలో పెట్టి, పక్కకు జరిగింది. మెట్టెలు కనిపిస్తున్నా కాళ్ళు దాచుకోలేదు.

"నేను తిమ్మప్ప పెండ్లాన్ని సార్, నా పేరు హనుమంతమ్మ." నా గొంతు మైకులో ఎవరిదోలాగా వినిపించింది. వెనక నుంచి మద్దిలేటి కేక వేశాడు. "సూసినారా సార్! అంతా దొంగ ఏడుపు!" గోలైపోయింది. వకీలు లేచి నిలబడ్డాడు. చొక్కాల పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు. ఆఫీసరు చెయ్యెత్తి అందరినీ కూర్చోమన్నాడు. "మరి ఈమె ఎవరమ్మా?" అన్నాడు. దొంగ అని చెప్పడానికి ఒక్క మాట చాలు. నాలుక చివర ఉంది. బయమ్మ నా పక్కనే ఉంది, ఆమె ఊపిరి వినిపిస్తోంది. "నాకు మాట పడిపోతే నా ఏడుపు ఏడ్చినామె సార్" అన్నాను. "మా ఊర్లో అట్లనే ఏడుస్తారు. ఏడవలేనోళ్ళకు ఇంకొకరు ఏడుస్తారు. ఈ పాపది పట్నం, ఆమెకు తెలీక రాసింది. ఊరంతా ఈడనే ఉండాది, అడగండి." మా వరసల్లోంచి మగవాళ్ళు, ఆడవాళ్ళు, అవును సార్, అవును సార్ అన్నారు, ఇంతసేపు నోరు నొక్కుకుని ఉన్నందుకో ఏమో గట్టిగా అన్నారు. ఆఫీసరు కాగితాలు తిరగేశాడు. "అయితే ఇందులో రాసిందంతా?" "నిజమే సార్. మొగుడొక్కడు నావాడు." ఎవరో నవ్వారు. ఆఫీసరు కూడా నవ్వబోయి ఆగాడు. "ఇంకోటి సార్, గుంతలు పూడ్చొద్దు. కంచె ఎయ్యండి, గొర్రెలు దిగేదానికి దోవ తియ్యండి. వాటికి నీళ్ళు ఆడ తప్ప యాడా లేవు." ఆయన రాసుకున్నాడు. మద్దిలేటి మళ్ళీ ఏదో అనబోతే మా వాళ్ళు కూర్చోబెట్టారు.

ఆఫీసరు రాస్తూ రాస్తూ తలెత్తాడు. మెత్తగా అడిగాడు, ఎగతాళి లేదు ఆయన గొంతులో. "మరి ఒక్క మాటైనా చెప్పకుండా పోయాడని ఉందమ్మా ఇక్కడ. ఇది కూడా సరిచేయాలా?"

"చెయ్యాల సార్. చెప్పినాడు."

లహరి ఫోను పైకెత్తింది. చొక్కాల పిల్లలు కూడా ఎత్తారు, నాకు నీళ్ళు ఇచ్చిన పిల్ల అందరికంటే ముందుకొచ్చింది. బయమ్మ కూడా నా వైపు ఒరిగింది, ఆమెకూ తెలియదు. ఊళ్ళో ప్రతి చావునూ తన నోటితో చెప్పిన మనిషి, నా నోట్లోంచి ఏం వస్తుందా అని చూస్తోంది. నాగప్పకు తెలియదు, నందినికి తెలియదు.

"ఏం చెప్పాడమ్మా?" అన్నాడు ఆఫీసరు.

"అది నాకు చెప్పినాడు సార్."